సెకండ్ క్లాస్ పాప ప్రతి ఎస్ ముందూ అపాస్ట్రఫీ పెట్టేస్తోంది, ఎలా నేర్పాలి?

బ్రాడీపేట అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్తే. మా పాప సెకండ్ క్లాస్. ఈమధ్యే స్కూల్లో అపాస్ట్రఫీ ఎస్ చెప్పారు. అంతకుముందు రవి బుక్, అమ్మ శారీ అని రాసేది, ఆ గుర్తు ఊసే ఉండేది కాదు. ఇప్పుడు ఎస్ కనిపిస్తే చాలు, దాని ముందు ఒకటి తగిలిస్తోంది. ఐ లైక్ మ్యాంగో’స్, టూ క్యాట్’స్, ఆఖరికి షీ రన్’స్ అని కూడా రాసింది. నోట్సులో ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి పంపారు, ఎందుకు తప్పో మాత్రం ఎక్కడా లేదు. కూర్చోబెట్టి "ఒకళ్ళ వస్తువు అయితేనే పెట్టాలమ్మా" అంటే బుద్ధిగా తలూపుతుంది, పెన్సిల్ పట్టుకోగానే మళ్ళీ మామూలే. వచ్చే వారం ఎఫ్ఏ పరీక్ష. దాని సంగతి అలా ఉంచినా, ఇప్పుడు చేతికి అలవాటైపోతే పెద్దయ్యాక వదలదేమో అని నాకు టెన్షన్. చిన్నపిల్లలకి చెప్పిన అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా రాయండి. రూల్ బట్టీ పట్టించమని మాత్రం అనకండి, ఆ రూల్ తనకి నోటికొచ్చు.

(ఇక్కడ అంతా తెలుగులోనే టైప్ చేస్తున్నాను కాబట్టి గుర్తు ఎక్కడ వస్తుందో తెలిసేలా ’ పెడుతున్నా.)

కృష్ణలంక నాన్న (విజయవాడ)

మేడం, ఏడేళ్ళ పిల్లకి ఇది అవసరమా అన్నది నా మొదటి ప్రశ్న. వాక్యం సొంతంగా రాయడమే ఇంకా పూర్తిగా రాని వయసు. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులకి తీసుకెళ్ళి బొమ్మల కథల పుస్తకాలు కొనివ్వండి, రోజూ పక్కన కూర్చుని చదివించండి. వందసార్లు కంటపడితే అదే వస్తుంది. మా అబ్బాయి విషయంలో నేను చేసింది అంతే, గ్రామర్ పుస్తకం తెరవనే లేదు.

బ్రాడీపేట అమ్మ

చదువుతుందండీ, బాగానే చదువుతుంది. చదివేటప్పుడు ఆ గుర్తు ఉందో లేదో కూడా చూడదు, అదే సమస్య.

పటమట టీచర్ (విజయవాడ)

చాలా ఏళ్ళుగా ఒకటి నుంచి మూడో తరగతి దాకా ఇంగ్లీష్ చెప్తున్నాను. మీ పాప చేస్తున్నది దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాం, కంగారు పడకండి. కానీ కృష్ణలంక సార్ చెప్పినట్టు చదివితే దానంతటదే వచ్చేస్తుందని వదిలేయడం నాకు సమ్మతం కాదు. ఎందుకో చెప్తాను.

బాయ్స్ అంటే చాలామంది అబ్బాయిలు. బాయ్’స్ అంటే ఒక అబ్బాయిది. బాయ్స్’ అంటే అబ్బాయిలందరిదీ. పైకి చదివితే మూడూ ఒక్కలాగే వినిపిస్తాయి. చెవి సాయం లేదు. అందుకే డిక్టేషన్ ఎంత చెప్పినా ఇది రాదు, గట్టిగా చదివించినా రాదు. పిల్లకి పట్టుకోవడానికి మిగిలింది అర్థం ఒక్కటే. మనమేమో అర్థం వదిలేసి గుర్తు దగ్గర మొదలుపెడతాం.

రెండో కారణం వర్క్‌షీట్లు. మీ పాప వర్క్‌షీటు ఒకసారి తీసి చూడండి. పది ఖాళీలుంటే పదింటికీ అపాస్ట్రఫీ ఎస్ జవాబుగా ఉంటుంది. పిల్ల ఆలోచించాల్సిన పనే లేదు, ఎస్ రాయాలి, దాని ముందు గుర్తు పెట్టాలి, అంతే. ఆ కాగితం నేర్పింది అదే, మీ పాప నేర్చుకున్నదీ అదే. గుర్తు అక్కర్లేని మాటలు కూడా ఆ పదిలో కలిసి ఉంటేనే పిల్ల ఆగి చూసుకుంటుంది. మ్యాంగోస్, రన్స్, రవి’స్, క్యాట్స్, క్యాట్’స్ అన్నీ కలిపి ఇవ్వాలి. మొదట్లో తప్పులు ఎక్కువ వస్తాయి, రానివ్వండి.

నేను చేసేది ఇది. మొదటి రోజు పెన్సిల్ ముట్టుకోనివ్వను. బల్ల మీద పిల్లల టిఫిన్ బాక్సులు, వాటర్ బాటిళ్ళు, ఒక జత చెప్పులు పెడతాను. ఒక్కోటి ఎత్తి చూపించి "ఇది ఎవరిది?" అని తెలుగులోనే అడుగుతాను. "మధుది", "లిఖితది" అంటారు. అప్పుడు చీటీలు. తెల్ల చీటీ మీద పేరు. వేరే చిన్న చీటీ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ’ఎస్. పేరు చీటీ పెట్టి, దాని పక్కన ఎర్ర చీటీ పెట్టి, ఆ పక్కన బాటిల్ పెట్టాలి. ఇంగ్లీషులో చదవాలి. ఇది బాగా అలవాటయ్యాక మూడు మామిడిపళ్ళ బొమ్మ చూపించి మ్యాంగోస్ అని రాసి, "ఇక్కడ ఎవరిది అని అడిగితే జవాబు ఉందా?" అంటాను. లేదంటారు. అయితే ఎర్ర చీటీ డబ్బాలోనే ఉంటుంది. రన్స్ దగ్గర కూడా అదే ప్రశ్న. "రన్ ఎవరు?" అంటే పిల్లలే నవ్వేస్తారు. ఆ నవ్వు వచ్చిందంటే విషయం అర్థమైనట్టే.

నోట్సులో రాసేటప్పుడు కూడా ప్రతి ఎస్ కిందా వేలు పెట్టి ఎవరిది అని లోపల అడుగుకోమనండి. జవాబు ఉంటేనే గుర్తు. ఇంట్లో రోజూ కాసేపు చాలు, ఎక్కువ కూర్చోబెట్టకండి.

లండన్‌లో గుంటూరు అబ్బాయి

అక్కా, మాది కొరిటెపాడు, ఇప్పుడు ఇక్కడ పిల్లల్ని చదివిస్తున్నాం. మీకు కొంచెం ధైర్యం వస్తుందని రాస్తున్నా. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమల్లో ఉన్న నేషనల్ కరిక్యులమ్‌లో ఇయర్ టూలో, అంటే ఆరేడేళ్ళ పిల్లలకి, ఒక్కరి వస్తువు వరకే ఈ గుర్తు చెప్తారు. వాళ్ళ ఉదాహరణల్లో మెగన్’స్ పక్కనే రవి’స్ కూడా ఉంది, మన పేరే. చాలామంది వస్తువు, అంటే గర్ల్స్’, బాయ్స్’, చిల్డ్రన్’స్ లాంటివి ఇయర్ త్రీ, ఫోర్‌లో వస్తాయి. ఇంగ్లీష్ పుట్టిన ఊళ్ళోనే దీన్ని రెండు మెట్లుగా విడగొట్టి, మధ్యలో టైమ్ ఇస్తున్నారు. అమెరికా కామన్ కోర్‌లో (అక్కడ చాలా రాష్ట్రాల స్కూళ్ళు పాటించే పాఠ్య ప్రమాణాలు) కూడా సెకండ్ గ్రేడ్‌లోనే ఉంది. కాబట్టి కృష్ణలంక అన్నయ్య అన్నట్టు మరీ ముందేం కాదు, అలాగని ఈ ఏడాదే మొత్తం వచ్చేయాలనీ లేదు.

ఇక్కడ డోంట్, కాంట్ లాంటి పొట్టి మాటలు కూడా అదే ఏడాది చెప్తారు. మా పాపకి అవి ముందు బాగా వచ్చాయి. అక్కడ ఒక అక్షరం ఎగిరిపోయింది, దాని చోట గుర్తు ఉంది అని కంటికి కనిపిస్తుంది కదా.

పటమట టీచర్

తమ్ముడూ, అక్కడి పిల్లలు డోంట్, కాంట్ పుట్టిన దగ్గర్నుంచి వింటారు. మన పిల్లలు ముందు డూ నాట్ నేర్చుకుని తర్వాత డోంట్‌కి వస్తారు. పైగా రెండూ ఒకే నెలలో చెప్తే రవి’స్ బుక్ చూసి "రవి ఈజ్ బుక్" అని చదివే పిల్లలు ఉంటారు. నేనైతే వస్తువులు గట్టిపడ్డాకే పొట్టి మాటలు తీస్తాను. పిల్లలు మొదటిరోజే రాసుకునేది తమ పేరు, తమ పుస్తకం. అక్కడి నుంచి మొదలుపెట్టడమే సులువు.

మంగళగిరి మాస్టారు

నేను గవర్నమెంట్ స్కూల్లో పనిచేస్తాను. 2020-21 నుంచి మాకు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలు వస్తున్నాయి. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాక నాకు బాగా పనికొచ్చిన సంగతి ఒకటి రాస్తాను.

మన తెలుగులో రవి పుస్తకం అంటే చాలు, మధ్యలో ఏ గుర్తూ అక్కర్లేదు. యొక్క అనేది పాఠాల్లో తప్ప ఇంట్లో ఎవరూ అనరు. అందుకే మన పిల్లలు మొదట రవి బుక్ అని రాస్తారు. అది తెలివితక్కువతనం కాదు, వాళ్ళ భాష ప్రకారం అదే సరైనది. ఇంగ్లీష్ వాడికి అక్కడ ఒక మేకు కొట్టాలి, మనకి అక్కర్లేదు అని చెప్తే వెంటనే అందుకుంటారు.

అసలు విషయం తర్వాతది. ఒకళ్ళా, చాలామందా అన్నది మన పిల్లలకి నోట్లోనే ఉంది. పిల్లాడి బంతి అంటే ఒకడిది. పిల్లల బంతి అంటే అందరిదీ. అమ్మాయి బ్యాగు, అమ్మాయిల బ్యాగులు. పిల్లి తోక, పిల్లుల తోకలు. ఓనర్ మాట చివర ల వినపడిందంటే ఓనర్లు చాలామంది. కాబట్టి బాయ్’స్, బాయ్స్’ మధ్య ఏది రాయాలో తేల్చుకోవడానికి ముందు తెలుగులో చెప్పమంటాను. అబ్బాయి బంతి అన్నాడా, బాయ్ దగ్గర ఆగి గుర్తు పెట్టి ఎస్ రాయాలి. అబ్బాయిల బంతి అన్నాడా, బాయ్స్ పూర్తిగా రాసేసి ఆ తర్వాత గుర్తు.

మూడో తరగతికి వచ్చాక నేను చెప్పేది ఒక్క మాటే: ఓనర్ మాట మొత్తం రాసెయ్, గుర్తు పెట్టు, ఓనర్ల గుంపు చూపించే ఎస్ అప్పటికే చివర ఉంటే వదిలెయ్, లేకపోతే ఎస్ రాయి. చిల్డ్రన్ చివర ఎస్ లేదు, కాబట్టి చిల్డ్రన్’స్. మెన్’స్, విమెన్’స్ కూడా అంతే. సెప్టెంబర్ 5న ఉపాధ్యాయుల దినోత్సవం, అక్కడ ల ఉంది, టీచర్స్’ డే. నవంబర్ 14న బాలల దినోత్సవం, అక్కడా ల ఉంది కానీ చిల్డ్రన్ మాటకి ఎస్ లేదు, అందుకే చిల్డ్రన్’స్ డే. ఆ రెండు చార్టులూ పక్కపక్కన గోడకి అంటించి ఏడాదంతా ఉంచుతాను.

ఇంకొకటి, గుర్తు ఎక్కడ పెట్టాలో కూడా చూపించాలి. మా పిల్లలు చాలామంది దాన్ని ఎస్ నెత్తి మీద పెడతారు. తలకట్టు, గుడి, కొమ్ము రాసే చెయ్యి కదా, గుర్తు అంటే అక్షరానికి అతుక్కునే ఉంటుందని వాళ్ళ లెక్క. ఇంకొందరు కామాలాగా కింద గీత మీద పెడతారు. నాలుగు గీతల పుస్తకంలో పై గీత దగ్గర, పేరు చివరి అక్షరానికీ ఎస్‌కీ మధ్య, దేనికీ తగలకుండా పెట్టాలని బోర్డు మీద పెద్దగా రాసి చూపించాలి. ఇది ఎవరూ చెప్పరు, మార్కులు మాత్రం పోతాయి.

బ్రాడీపేట అమ్మ

మాస్టారూ, ఇప్పుడే నోట్సు తీసి చూశాను. మా పాప కూడా సగం చోట్ల ఎస్ మీదే పెట్టింది! నేను ఇన్నాళ్ళూ అది తొందర రాత అనుకున్నాను.

కృష్ణలంక నాన్న

మాస్టారి పద్ధతి బాగుంది, కానీ ఒక చోట తేడా కొడుతుంది. తెలుగులో ఇంటి తాళం అంటాం, బడి బస్సు అంటాం, మామిడి చెట్టు అంటాం. "ఎవరిది" అని కాకపోయినా "దేనిది" అని అడిగితే వీటన్నిటికీ జవాబు ఉంది. అయినా ఇంగ్లీషులో హౌస్ కీ, స్కూల్ బస్, మ్యాంగో ట్రీ, ఎక్కడా గుర్తు లేదు. టేబుల్ కాలు అనాలంటే టేబుల్’స్ లెగ్ అని మా వాడు రాశాడు, టేబుల్ లెగ్ అనో లెగ్ ఆఫ్ ద టేబుల్ అనో అనాలి కదా. తెలుగు నుంచి తీసుకెళ్తే పిల్లలు ఇలా ఎక్కువ పెట్టే ప్రమాదం ఉంది.

మంగళగిరి మాస్టారు

నిజమేనండి. అందుకే ప్రశ్న "ఎవరిది" అనే ఉంచాలి, "దేనిది" అనకూడదు. సెకండ్ క్లాసులో మనుషులు, జంతువులు వరకే ఉదాహరణలు ఇస్తాను. అమ్మ, తాతయ్య, టీచర్, కుక్క, ఏనుగు. ప్రాణం లేని వాటి జోలికి పోను. తాతగారి కళ్ళజోడు అన్నప్పుడు గారు మర్యాదకే, తాత ఒక్కడే అని కూడా ఒకసారి చెప్పాలి, లేకపోతే కొందరు తికమక పడతారు.

సత్యనారాయణపురం అమ్మమ్మ

అమ్మా తల్లీ, మీరంతా మనుషులు జంతువులు అంటున్నారు గానీ లీవ్ లెటర్ మర్చిపోయారు. నేను హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైరయ్యాను. టూ డేస్ లీవ్ అని గుర్తు లేకుండా రాయని లెటర్ నా సర్వీసులో అరుదు. వన్ డే’స్ లీవ్, టూ డేస్’ లీవ్ అని రాయాలి. టుడే’స్ న్యూస్‌పేపర్ కూడా ఇదే కోవ. కాలానికి ప్రాణం లేకపోయినా గుర్తు వస్తుంది. అయితే ఇది పసిపిల్లలకి ఇప్పుడే వద్దు, నాలుగో తరగతి దాకా ఆగండి. లీవ్ లెటర్ మీరు రాసేటప్పుడు మాత్రం సరిగ్గా రాసి పిల్లకి చూపించండి. మనవలకి నేను అలాగే చూపిస్తాను.

ఫ్లెక్స్ డిజైనర్ బీసెంట్ రోడ్ (విజయవాడ)

నాది చదువు చెప్పే పని కాదు, బోర్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. అయినా ఈ థ్రెడ్ చదివాక రాయాలనిపించింది. పిల్లలకి రోడ్డు మీద ఎక్కువగా కనిపించేది మా బోర్డులే. టిఫిన్’స్, మొబైల్’స్, జ్యూస్’స్ అని కస్టమర్లే రాసిస్తారు. అక్కడ గుర్తు రాదండీ, టిఫిన్స్ అంటే చాలు అని చెప్తే "పక్క షాపుకి ఉంది, మాకూ పెట్టు, అందంగా ఉంటుంది" అంటారు. వాళ్ళు డబ్బులిచ్చే బోర్డు, వాళ్ళు ఒప్పుకోకపోతే నేను ఏం చేయలేను. అయినా ప్రతిసారీ చెప్తూనే ఉన్నా, ఈమధ్య కొందరు వింటున్నారు. మా అమ్మాయి మూడో తరగతి. తను బెంజి సర్కిల్ నుంచి ఇంటికొచ్చేదాకా బండి మీద వెనక కూర్చుని బోర్డులు చదువుతూ "నాన్నా, అది తప్పు, టిఫిన్ ఎవరూ కాదు కదా" అంటుంది. పిల్లలకి ఇది ఆటలా బాగా నచ్చుతుంది, చేయించి చూడండి.

పటమట టీచర్

ఫ్లెక్స్ డిజైనర్ గారూ, మీరు చెప్పిన ఆట నా క్లాసులో ఈ వారమే పెడతాను. సరిగ్గా ఉన్నవి కూడా చూపించాలి, తప్పులే చూపిస్తే పిల్లలకి ఆ తప్పే కళ్ళలో నిలబడిపోతుంది. లే’స్ చిప్స్ ప్యాకెట్ మీద గుర్తు ఉంటుంది, లే అనేది ఆ కంపెనీ పెట్టిన హెర్మన్ లే ఇంటిపేరు. హల్దీరామ్’స్, డామినో’స్ మీద కూడా ఉంటుంది. ఖాళీ ప్యాకెట్లు కడిగి తెచ్చుకోమంటే పిల్లలు ఎగబడి తెస్తారు. బాయ్స్ హాస్టల్ బోర్డు మీద గుర్తు ఎందుకు లేదని ఎవరైనా అడిగితే, పేర్లలో చాలామంది గుర్తు వదిలేస్తారు, మన నోట్సులో మాత్రం మనం పెడదాం అని చెప్తాను.

అరండల్‌పేట తేజస్ అమ్మ (గుంటూరు)

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా బాబు పేరు చివరే ఎస్ ఉంది. తేజస్’ బ్యాగ్ అని రాస్తే ఒక టీచర్ మార్కు తీసేశారు, తేజస్’స్ అని రాస్తే ట్యూషన్ సార్ కొట్టేశారు. పిల్లాడు తన పేరే రాయడం మానేసి మై బ్యాగ్ అని రాస్తున్నాడు. ఏది కరెక్టో ఎవరైనా తేల్చి చెప్పండి.

లండన్‌లో గుంటూరు అబ్బాయి

అక్కా, రెండూ చెల్లుతాయి. ఇక్కడి కరిక్యులమ్ ప్రకారం ఎస్‌తో ముగిసే ఒక్క పేరుకి కూడా ’ఎస్ పెట్టాలి, సైప్రస్’స్ అని ఉదాహరణ కూడా ఇచ్చారు. అమెరికాలో పేపర్లవాళ్ళు వాడే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) స్టైల్‌బుక్ ప్రకారం అయితే గుర్తు ఒక్కటే చాలు. పుస్తకాలు వేసేవాళ్ళు వాడే షికాగో మాన్యువల్ మళ్ళీ ’ఎస్ పెట్టమంటుంది. పెద్ద పెద్ద పుస్తకాలే ఒక మాట మీద లేనప్పుడు చిన్న పిల్లాడికి మార్కు తీయడం అన్యాయం. ఇద్దరు టీచర్లతోనూ మాట్లాడి, ఏదో ఒకటి ఖాయం చేయమనండి.

సత్యనారాయణపురం అమ్మమ్మ

నా ఓటు తేజస్’స్‌కే. పిల్లాడు ఒక్కడే, చివరి ఎస్ వాడి పేరులోది, గుంపుని చూపించేది కాదు. మాస్టారు చెప్పిన లెక్కకి కూడా అదే కుదురుతుంది. పైగా పలికేటప్పుడు తేజసెస్ బ్యాగ్ అనే అంటాం. ముందు ఆ బాబు చేత తన పేరు నిర్భయంగా రాయించమ్మా, పిల్లాడు తన పేరుకే జంకడం మంచిది కాదు.

బ్రాడీపేట అమ్మ

అందరికీ చాలా థాంక్స్. పరీక్ష అయిపోయింది. టీచర్ గారు చెప్పిన చీటీల ఆట రోజూ భోజనాలయ్యాక ఆడాం. మొదటి రెండు రోజులు మా అత్తగారు కూడా కూర్చుని "ఇది ఎవరిది" అని అడిగారు, పాపకి ఆవిడతో ఇంకా ఉత్సాహం. మ్యాంగోస్, క్యాట్స్‌లో గుర్తు మాయమైపోయింది. రన్స్ దగ్గర ఇంకా అప్పుడప్పుడు చెయ్యి వెళ్తుంది, కానీ తనే ఆగి రబ్బరుతో చెరిపేస్తోంది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎస్ నెత్తిన పెట్టడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు, నాలుగు గీతల పుస్తకంలో రాయిస్తున్నాను.

ఇప్పుడు కొత్త చిక్కు. పిల్లి గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. ఇట్’స్ టెయిల్ ఈజ్ లాంగ్ అని రాసింది. తప్పు అన్నాను. "పిల్లిది కదమ్మా తోక, ఎవరిది అంటే జవాబు ఉంది కదా, గుర్తు ఎందుకు వద్దు?" అని అడిగింది. ప్రశ్న న్యాయంగానే ఉంది. ఏం చెప్పాలి?

పటమట టీచర్

చాలా మంచి ప్రశ్న అడిగింది, ముందు ఆ మాట తనకి చెప్పండి. ఎర్ర చీటీ పేర్లకే అని చెప్పండి. పిల్లి, రవి, అమ్మ, ఇవి పేర్లు. పేరు బదులు వాడే చిన్న మాటలకి, అంటే హిజ్, హర్స్, అవర్స్, యువర్స్, దెయిర్స్, ఇట్స్‌కి ఆ చీటీ అక్కర్లేదు, ఎవరిదో ఆ మాటలోనే ఉంది. హిజ్‌లో పెట్టం కదా, ఇట్స్‌లోనూ పెట్టం. హిజ్, ఇట్స్ రెండూ ఒకే చోట పక్కపక్కన రాయించండి, అలా చూస్తే నిలుస్తుంది.

మంగళగిరి మాస్టారు

టీచర్ గారి మాటకి చిన్న చేర్పు. తెలుగులో ఈ రెండింటికీ పోలికే లేదు కాబట్టి మన పిల్లలకి ఇది సులువు. దాని తోక అంటే ఇట్స్, గుర్తు లేదు. అది పిల్లి అంటే ఇట్’స్, అక్కడ ఈజ్‌లో ఐ ఎగిరిపోయింది కాబట్టి గుర్తు ఉంది. అనుమానం వచ్చినప్పుడు ఇట్ ఈజ్ అని విడదీసి చదవమనండి. ఇట్ ఈజ్ టెయిల్ ఈజ్ లాంగ్ అని పైకి చదివితే తనకే తెలిసిపోతుంది. ఇట్’స్ రెయినింగ్ లాంటివి తెలుగులో అది అని రావు, వాన పడుతోంది అంటాం, అక్కడ మాత్రం విడదీసి చదవడమే దారి.

బ్రాడీపేట అమ్మ

విడదీసి చదివించాను మాస్టారూ. ఇట్ ఈజ్ టెయిల్ అనగానే "ఛ, కాదు" అని తనే చెరిపేసింది. కింద హిజ్, ఇట్స్ ఒకదాని కింద ఒకటి రాసుకుంది. రేపటి నుంచి అన్నీ కలిపిన వర్క్‌షీటు నేనే చేతిరాతతో తయారుచేస్తాను. ఎవరికైనా కావాలంటే ఫొటో తీసి ఇక్కడే పెడతాను.

అరండల్‌పేట తేజస్ అమ్మ

నాకు కావాలండీ. వీలైతే ఎస్‌తో ముగిసే పేర్లు కూడా రెండు మూడు వేయండి.